షేర్డ్ డిస్కు స్క్రిప్టు గురించి పెదనాన్న ఉత్తరం

బరంపురం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

రాయగడలో మీ రెండు నోడ్ల క్లస్టరుకి (కలిసి పనిచేసే రెండు సర్వర్ల జతకి) షేర్డ్ డిస్కు, అంటే రెండింటికీ ఉమ్మడి డిస్కు, అమర్చే స్క్రిప్టు మొదటి నోడ్ మీద బాగానే నడిచి, రెండో దాని మీద ఆగిపోతోందని రాశావు. మళ్ళీ నడిపితే ఇంకోచోట ఆగుతోందట. లాగ్ చూశాను, స్క్రిప్టూ చదివాను. అన్నిటికంటే ముందు ఇది విను: కారణం తేలేదాకా దాన్ని మళ్ళీ మొదటినుంచి నడపకు. అందులో ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా దూరపు డిస్కుని వాడుకునే పద్ధతి) లాగిన్, ఫైల్‌సిస్టమ్ వెయ్యడం, అంటే ఫార్మాట్, ఒకే ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి. లాగిన్ ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. ఫార్మాట్ రెండోసారి జరిగితే డేటా మిగలదు. పైగా ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ కమాండ్ వరసలో పెద్ద అక్షరం ఓ (-O) అన్న స్విచ్ పెట్టారు. అది ఉంటే జీఎఫ్ఎస్2 (రెండు నోడ్లూ ఒకేసారి వాడుకోగల ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ కమాండ్ "పాతది చెరిపెయ్యమంటావా" అని అడగకుండానే చెరిపేస్తుంది. ఆ స్విచ్ ఈ రోజే తీసెయ్యి.

స్క్రిప్టును మూడు ముక్కలు చెయ్యి. ప్యాకేజీలు, ఇనిషియేటర్ పేరు (డిస్కు ఇచ్చే స్టోరేజీకి, అంటే టార్గెట్‌కి, ఈ నోడ్ చెప్పుకునే పేరు), డిస్కవరీ (టార్గెట్‌ని వెతకడం), లాగిన్, మల్టీపాత్ (ఒకే డిస్కుకి ఉన్న రెండు దారుల్ని ఒకటిగా చూపించేది) మొదటి ముక్క. ఇది ప్రతి నోడ్ మీదా ఎన్నిసార్లైనా నడవాలి. వాల్యూమ్ గ్రూపు (డిస్కుల్ని కలిపి లినక్స్ ఎల్‌వీఎం కట్టే నిల్వ), ఫైల్‌సిస్టమ్ రెండోది. ఇది ఒక్క నోడ్ మీద, ఒక్కసారే. పేస్‌మేకర్ (ఏ నోడ్ మీద ఏది నడవాలో చూసే క్లస్టరు మేనేజరు) రిసోర్సులు మూడోది. వీటికి తోడు ఏదీ మార్చకుండా చదివి చూపించే చిన్న తనిఖీ స్క్రిప్టు ఒకటి రాసుకో. హోస్ట్‌నేమ్, ఇనిషియేటర్ పేరు, సెషన్ల సంఖ్య, డిస్కు డబ్ల్యూడబ్ల్యూఐడీ (ఎక్కడనుంచి చూసినా మారని గుర్తింపు సంఖ్య), బైట్లలో సైజు, వాల్యూమ్ గ్రూపు యూయూఐడీ, డిస్కు మీదున్న రిజర్వేషన్ కీలు (రాసే హక్కు ఏ నోడ్‌దో చెప్పే గుర్తులు) అది చూపించాలి. రెండు నోడ్లలో నడిపి డిఫ్ (తేడాలు చూపే కమాండ్) తీస్తే హోస్ట్‌నేమ్, ఇనిషియేటర్ పేరు మాత్రమే వేరుగా ఉండాలి, మిగతావన్నీ ఒకటే కావాలి. కింది మెట్టు రెండుచోట్లా ఒకేలా కనబడనిదే పై మెట్టు జోలికి పోవద్దు. మీ లాగ్‌లో కనిపించే తప్పులు చాలావరకూ ఈ తొందర వల్ల వచ్చినవే.

ఇక అడుగునుంచి వద్దాం.

రెండు సర్వర్లకీ ఒకే ఇమేజ్ దించారు కదా, అనుమానం ముందు అక్కడే. ఈటీసీ కింద ఐస్కజీ డైరెక్టరీలో ఇనిషియేటర్‌నేమ్ ఫైలు ఉంటుంది. ఇమేజ్‌తో పాటు ఆ పేరు కూడా రెండో నోడ్‌కి వచ్చేస్తుంది. ఒకే పేరుతో రెండో లాగిన్ వస్తే టార్గెట్ దాన్ని పాత సెషన్ తిరిగి కలుస్తోందనుకుని మొదటి నోడ్ సెషన్ తెంపేస్తుంది. మొదటి నోడ్ మళ్ళీ లాగిన్ అయితే రెండోది తెగుతుంది. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) కొద్ది క్షణాలకోసారి 1020 నంబరు కనెక్షన్ ఎర్రర్ పడుతుంటే ఇదే అనుకో. కేబులు మార్చినా స్విచ్ మార్చినా తగ్గదు. రెండో నోడ్‌లో ముందు లాగౌట్ అయ్యి, ఐస్కజీ-ఐనేమ్ కమాండ్‌తో కొత్త పేరు పుట్టించి ఫైల్లో రాసి, ఐస్కజీడీ సర్వీసు రీస్టార్ట్ చెయ్యి. టార్గెట్ వైపు ఏసీఎల్‌లో (ఎవర్ని రానివ్వాలో చెప్పే జాబితాలో) ఆ కొత్త పేరు చేర్చడం మరిచిపోకు, మరిచిపోతే లాగిన్ తిరస్కరిస్తుంది. ఒకే ఇమేజ్ అన్నాక మెషీన్ ఐడీ కూడా ఒకటే అయ్యుంటుంది, అదీ మార్చు.

రెండోసారి నడిపితే ఇంకోచోట ఆగడానికి కారణం సెట్ మైనస్ ఈ (ఏ కమాండ్ తప్పినా స్క్రిప్టుని అక్కడే ఆపేసే వరస). అది ఉండడం మంచిదే, తియ్యకు. కానీ ఐస్కజీ లాగిన్, లాగౌట్ చేసే ఐస్కజీఏడీఎం కమాండ్ తిరిగిచ్చే కోడ్ సున్నా కాకపోతే ప్రతిసారీ తప్పేనని కాదు. 15 అంటే సెషన్ ఇప్పటికే ఉందని అర్థం, దాన్ని సరే అనుకుని ముందుకు పో. 21 అంటే అడిగిన రికార్డులు గానీ సెషన్లు గానీ లేవని. లాగౌట్ చేసేటప్పుడు అది పరవాలేదు, లాగిన్ దగ్గర వస్తే డిస్కవరీ జరగలేదన్నమాట. 24 అయితే లాగిన్‌ని టార్గెట్ ఒప్పుకోలేదు, చాప్ పాస్‌వర్డు, ఏసీఎల్ చూడు. 8 అయితే కనెక్షన్ టైమవుట్, 3260 పోర్టు, ఫైర్‌వాల్ చూడు. ఒక్కో కోడ్‌ని విడిగా పట్టుకుని మిగతా దేనికైనా ఆపెయ్యి. వరస చివర "లేదా ట్రూ" తగిలించి అన్ని తప్పుల్నీ మింగేసే అలవాటు మీ స్క్రిప్టులో మూడుచోట్ల ఉంది. అవి తీసెయ్యి.

లాగిన్ తర్వాత స్లీప్ 5 పెట్టారు. లాగిన్ కమాండ్ తిరిగొచ్చే వేళకి స్కజీ స్కాన్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అయిదు సెకన్లు ఒకరోజు సరిపోతాయి, ఇంకోరోజు చాలవు. యుడెవ్ఏడీఎం సెటిల్ (డివైస్ ఈవెంట్లు తీరేదాకా ఆగే కమాండ్) ఒక్కటీ చాలదు, ఈవెంట్ ఇంకా క్యూలోకే రాకపోతే అది వెంటనే తిరిగొచ్చేస్తుంది. డెవ్ కింద డిస్క్-బై-ఐడీలో మనక్కావలసిన లింకు కనబడేదాకా సెకనుకోసారి చూస్తూ, 60 సెకన్లు దాటితే స్పష్టమైన మెసేజ్‌తో ఆగిపోయే లూప్ రాయి.

డిస్కుని ఎస్‌డీబీ అని పేరు పెట్టి రాయడం మీ స్క్రిప్టులో అన్నిటికంటే ప్రమాదం. ఆ అక్షరం డిస్కు దొరికిన వరసని బట్టి వస్తుంది. బూట్ వేళకి ఎవరో పెన్‌డ్రైవ్ ఉంచేస్తే చాలు, ఒక నోడ్‌లో ఎస్‌డీబీ ఇంకోదాంట్లో ఎస్‌డీసీ అవుతుంది. స్కజీ ఐడీ కమాండ్‌తో డబ్ల్యూడబ్ల్యూఐడీ తీసి కాన్ఫిగ్ ఫైల్లో రాసుకో. మీ టార్గెట్ లినక్స్ ఎల్ఐఓ (లినక్స్ కెర్నల్లోనే ఉండే టార్గెట్) కాబట్టి అది 36001405తో మొదలవ్వాలి. అలా మొదలవ్వకపోతే అది మన డిస్కు కాదు, దాని మీద చెయ్యి పెట్టకు. వీఎమ్‌వేర్ మీద ప్రాక్టీసు చేస్తున్నప్పుడు ఐడీ ఖాళీగా వస్తే వీఎం సెట్టింగుల్లో డిస్క్ ఎనేబుల్ యూయూఐడీ ట్రూ చెయ్యాలి. కేవీఎంలో అయితే డిస్కు నిర్వచనంలో సీరియల్ ఇవ్వాలి, షేరబుల్ పెట్టాలి, క్యాష్ నన్ చెయ్యాలి.

రెండు నెట్‌వర్క్ కార్డుల మీదుగా లాగిన్ అవుతున్నారు గనక ఒకే లన్ (టార్గెట్ ఇచ్చే డిస్కు) రెండు పేర్లతో కనబడుతుంది. మల్టీపాత్ లేవకముందే ఎల్‌వీఎం ఒక దారిని పట్టేసుకుంటే మల్టీపాత్ దాన్ని తీసుకోలేదు, డివైస్ బిజీ అంటుంది. అందుకని మల్టీపాత్ లేచాకే వాల్యూమ్ గ్రూపు. ఎంపాత్-ఏ లాంటి పేర్లు రెండు నోడ్లలో ఒకేలా ఉంటాయని నమ్మకు, డబ్ల్యూడబ్ల్యూఐడీకి ఎలియాస్ (మనం పెట్టుకునే పేరు) రాసి అదే వాడు. ఐస్కజీ రీప్లేస్‌మెంట్ టైమవుట్ మామూలుగా 120 సెకన్లు ఉంటుంది. ఒక దారి తెగితే రెండో దారికి వెళ్ళడానికి రెండు నిమిషాలు వేచి ఉంటుందన్నమాట. మల్టీపాత్ ఉన్నప్పుడు 5 నుంచి 15 సెకన్లకి దించు. లన్ మీద పార్టిషన్ అసలు వద్దు. మొత్తం లన్‌నే ఫిజికల్ వాల్యూమ్ చేస్తే, రెండో నోడ్ పార్టిషన్ టేబుల్ మళ్ళీ చదవలేదన్న తగువే ఉండదు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. ఆ డిస్కు రెండు నోడ్ల మీదా ఒకేసారి మౌంట్ కావలసిన అవసరం నిజంగా ఉందా? మీది డేటాబేస్ ఒక నోడ్ మీద నడుస్తూ, అది పడిపోతే రెండోదాని మీద లేవాలన్న పనే అయితే జీఎఫ్ఎస్2 అక్కర్లేదు. ఎల్‌వీఎం సిస్టమ్ ఐడీని (వాల్యూమ్ గ్రూపు ఏ నోడ్‌దో చెప్పే గుర్తుని) యూనేమ్, అంటే నోడ్ పేరు, నుంచి తీసుకునేలా పెట్టి, ఎక్స్ఎఫ్ఎస్ (ఒక్క నోడ్ వాడే మామూలు ఫైల్‌సిస్టమ్) వేసి, వాల్యూమ్ గ్రూపు, ఫైల్‌సిస్టమ్, ఐపీ, డేటాబేస్ ఇవన్నీ ఒకే రిసోర్సు గ్రూపులో ఆ వరసలోనే పెట్టు. చెడిపోయే చోట్లు సగం తగ్గుతాయి. నా మాట వింటే ఇదే చెయ్యి. కానీ ఎక్స్ఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ట్4 గానీ రెండు నోడ్లలో ఒకేసారి ఎప్పుడూ మౌంట్ కాకూడదు. పక్క నోడ్ ఏం రాస్తోందో వాటికి తెలియదు. ఫైళ్ళు చెడిపోతాయి, అదీ వెంటనే కాదు, కొంతసేపు బాగున్నట్టే కనిపించి చెడతాయి. ఎఫ్ఎస్‌టాబ్‌లో (బూట్ వేళ మౌంట్ చేసే జాబితాలో) ఆ డిస్కు వరస ఉంటే ఇప్పుడే తీసెయ్యి, మౌంట్ చేసే పని పేస్‌మేకర్ ఒక్కదానిదే.

రెండుచోట్లా కావలసిందే అంటే వరస మారుతుంది. చాలా స్క్రిప్టులు ముందు డిస్కు తయారుచేసి తర్వాత క్లస్టరు లేపుతాయి. జీఎఫ్ఎస్2కి అది తలకిందులు. ముందు క్లస్టరు, తర్వాత ఫెన్సింగ్ (పాడైన నోడ్‌ని బలవంతంగా కట్ చెయ్యడం), దాని తర్వాత డీఎల్ఎం (నోడ్ల మధ్య తాళాలు చూసే లాక్ మేనేజరు), ఎల్‌వీఎంలాక్‌డీ (ఎల్‌వీఎం తరఫున ఆ తాళాలు తీసుకునేది) క్లోనుగా రెండు నోడ్లలోనూ లేవాలి. వాల్యూమ్ గ్రూపు చేసే వీజీక్రియేట్ షేర్డ్ స్విచ్‌తో నడిచేది ఆ తర్వాతే. లాక్ మేనేజరు లేకుండా నడిపితే ఆగిపోతుంది. మీ లాగ్‌లో ఉన్న తప్పుల్లో ఒకటి అచ్చంగా ఇదే.

తర్వాత రెండో నోడ్‌లో వీజీఎస్ (వాల్యూమ్ గ్రూపుల జాబితా చూపే కమాండ్) ఖాళీ చూపిస్తోందని కంగారుపడ్డావు. మీది రాకీ లినక్స్ 9. ఈ తరంలో ఎల్‌వీఎం తన డివైసుల ఫైల్లో పేరున్న డిస్కుల్నే చూస్తుంది. వాల్యూమ్ గ్రూపు చేసిన నోడ్‌లో ఆ పేరు దానంతటదే చేరుతుంది, రెండోదాంట్లో చేరదు. అక్కడ ఎల్‌వీఎండివైసెస్ కమాండ్‌ని యాడ్‌డెవ్ స్విచ్‌తో నడిపి ఎలియాస్ చేర్చు, తర్వాత వీజీఛేంజ్ లాక్‌స్టార్ట్ (ఆ గ్రూపు తాళాలు మొదలుపెట్టేది) కొట్టు. డిస్కు బాగానే ఉంది, ఎల్‌వీఎంకి చూడమని చెప్పలేదంతే. ఈ ఒక్క దానికే చాలామంది కంగారులో మళ్ళీ వీజీక్రియేట్ కొడతారు. కొట్టకు.

ఎంకేఎఫ్ఎస్‌లో లాక్ ప్రోటోకాల్ లాక్-డీఎల్ఎం అని, లాక్ టేబుల్ క్లస్టరు పేరు, కోలన్, ఫైల్‌సిస్టమ్ పేరు అని ఇవ్వాలి. ఆ క్లస్టరు పేరు కోరోసింక్ (నోడ్ల మధ్య కబుర్లు నడిపేది) కాన్ఫిగ్‌లో ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి, లేకపోతే మౌంట్ కాదు. జర్నళ్ళు (రాయబోయే మార్పుల చిట్టాలు) నోడ్‌కి ఒకటి. ఒకటే వేస్తే రెండో నోడ్ మౌంట్ ఆగిపోతుంది, అప్పుడు మౌంటైన నోడ్ మీద జీఎఫ్ఎస్2-జేయాడ్‌తో ఇంకోటి చేర్చుకోవచ్చు. ఒక్కో జర్నల్ డిస్కులో కొంత చోటు తీసుకుంటుంది, అది లెక్కలో ఉంచుకో. కోరం (నోడ్ల మెజారిటీ) పోయినప్పుడు ఏం చెయ్యాలన్న పాలసీని ఫ్రీజ్ (ఉన్నచోటే ఆగడం) అని పెట్టు.

ఫెన్సింగ్ తర్వాత చూసుకుందాం అనుకుని స్టోనిత్ (పేస్‌మేకర్‌లో ఫెన్సింగ్ సెట్టింగు) ఆపేశారు. అలా చెయ్యకూడదమ్మా. ఒక నోడ్ పోయినప్పుడు దాన్ని నిజంగా కట్ చేశారన్న కబురు అందేదాకా డీఎల్ఎం తాళాలు వదలదు. ఫెన్సింగ్ లేకపోతే ఆ కబురు ఎప్పటికీ రాదు, మౌంట్ మీద ఎల్ఎస్ కొట్టినా కదలదు. మీ సర్వర్లకి ఐపీఎంఐ (దూరంనుంచి సర్వరు పవర్ ఆపగల ఏర్పాటు) ఉంది, అది మొదటి లెవెల్. కానీ కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోతే ఐపీఎంఐ కూడా చచ్చిపోతుంది, ఫెన్సింగ్ విఫలమవుతుంది. అందుకని రెండో లెవెల్‌గా స్టోరేజీ దగ్గరే కట్ చేసే ఫెన్స్-ఎంపాత్ పెట్టు. మల్టీపాత్ లేని చోట ఫెన్స్-స్కజీ. ఇవి స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్ల మీద నడుస్తాయి. ప్రొవైడ్స్ అన్‌ఫెన్సింగ్ అన్న మెటా మరిచిపోతే నోడ్ తన కీ నమోదు చేసుకోదు.

పాత ప్రయత్నాల కీలు లన్ మీద మిగిలిపోతే డీమెసేజ్‌లో రిజర్వేషన్ కాన్‌ఫ్లిక్ట్ అని పడుతుంది, రాయడం ఆగిపోతుంది. చూస్తే డిస్కు చెడిపోయినట్టే ఉంటుంది గానీ చెడిపోలేదు. ఎస్‌జీ-పర్సిస్ట్‌తో కీలు చూడు. క్లస్టరు రెండు నోడ్లలోనూ ఆపేసి, ముందు మన కీ ఒకటి నమోదు చేసి, ఆ కీతోనే క్లియర్ కొట్టు. నమోదు కాకుండా క్లియర్ ఒప్పుకోదు.

ఫైర్‌వాల్ సంగతి చిన్నదే. హై-అవైలబిలిటీ అన్న సర్వీసు ఒక్కటి రెండు నోడ్లలో తెరిస్తే పీసీఎస్‌డీ 2224, కోరోసింక్ యూడీపీ పోర్టులు, డీఎల్ఎం 21064 అన్నీ వస్తాయి.

రెండో ముక్క స్క్రిప్టులో ఎంకేఎఫ్ఎస్‌కి ముందు కాపలా ఉండాలి. డబ్ల్యూడబ్ల్యూఐడీ కాన్ఫిగ్‌లో ఉన్నదే కావాలి, సైజు బైట్లతో సహా కలవాలి, పాత ఫైల్‌సిస్టమ్ గుర్తులు వెతికే వైప్ఎఫ్ఎస్ మైనస్ ఎన్ ఏమీ చూపించకూడదు, అదే పని చేసే బీఎల్‌కేఐడీని మైనస్ పీతో నేరుగా డిస్కు చదివించి అక్కడా ఏమీ లేదని చూడాలి, పక్క నోడ్‌లో మౌంట్ లేదని రూఢి కావాలి. మొదటి రెండూ లన్ మీద, తర్వాతి రెండూ ఫార్మాట్ చెయ్యబోయే లాజికల్ వాల్యూమ్ మీద చూడు. లన్ మీద ఎల్‌వీఎం గుర్తు ఎలాగూ ఉంటుంది. ఒక్కటి తేడా వచ్చినా ఆగిపోవాలి. ఏ నోడ్, ఏ డిస్కు, ఏం ఉండాలి, ఏం ఉంది, ఈ నాలుగూ మెసేజ్‌లో ఉండాలి. మీ స్క్రిప్టులో మెసేజ్‌లు ఇంగ్లిషక్షరాల తెలుగులో ఉన్నాయి. రాత్రి డ్యూటీ కుర్రాడు ఒడియా వాడు కదా, వాడికి ఏం అర్థమవుతుంది? అవన్నీ చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలుగా మార్చు.

చివరగా కరెంటు. అక్టోబరు మన తీరానికి తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని ముంచేసింది. అంతా ఒకేసారి ఆగి ఒకేసారి లేచే రోజు మీకూ వస్తుంది. ఐస్కజీ మొదటి లాగిన్ 8 సార్లు, ఒక్కోసారి 15 సెకన్లు, అంటే 120 సెకన్లు ప్రయత్నించి వదిలేస్తుంది. మీ స్టోరేజీ పెట్టె లేవడానికి అంతకంటే ఎక్కువ పడితే నోడ్లు డిస్కు లేకుండానే లేస్తాయి. ఇనీషియల్ లాగిన్ రిట్రై మాక్స్ 40 చేస్తే పది నిమిషాలు ఆగుతుంది. ఐస్కజీ, మల్టీపాత్ లేచాకే పేస్‌మేకర్ లేవాలని రిసోర్స్-ఏజెంట్స్-డెప్స్ అన్న సిస్టమ్‌డీ టార్గెట్‌కి (ఇది ఐస్కజీ టార్గెట్ కాదు) డ్రాప్-ఇన్, అంటే అదనపు సెట్టింగుల చిన్న ఫైలు, రాయి. యూపీఎస్ మీద స్విచ్, స్టోరేజీ ముందు, నోడ్లు తర్వాత. రెండు నోడ్ల క్లస్టరులో వెయిట్ ఫర్ ఆల్ ఉంటుంది కాబట్టి ఒక నోడ్ ఒక్కటే లేస్తే రెండోది కనబడేదాకా ఏదీ మొదలుపెట్టదు. అది చూసి పాడైందనుకుని ఆ సెట్టింగు తియ్యకండి. రెండో నోడ్ ఆగి ఉందని కళ్ళతో చూసి రూఢి చేసుకున్నాకే ఒంటరి నోడ్‌ని చేత్తో లేపాలి.

ఇప్పటికి స్క్రిప్టు పక్కన పెట్టి, రెండు నోడ్ల ఇనిషియేటర్ పేర్లు, డబ్ల్యూడబ్ల్యూఐడీలు, రిజర్వేషన్ కీల లిస్టు తీసి నాకు పంపు. డిస్కు రెండుచోట్లా కావాలో ఒకచోటే చాలో మీ డేటాబేస్ వాళ్ళని అడిగి అదీ రాయి.

ఇట్లు
మీ పెదనాన్న