థైరాయిడ్ మాత్రకూ కాల్షియం, ఐరన్ మాత్రలకూ మధ్య ఎడం

మీ థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ మోతాదు మార్చకపోయినా, కాల్షియం, ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే మరో హార్మోన్) పెరిగిందని, మూడింటినీ ఉదయం ఒకేసారి వేసుకుంటున్నానని మీరు రాశారు. చిక్కు బహుశా అక్కడే ఉంది. కాల్షియం, ఐరన్ పేగులో లెవోథైరాక్సిన్‌ను పట్టి ఉంచుతాయి కనుక, మీరు మింగిన మందులో కొంత రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది.

థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకుని, అల్పాహారానికి అరగంట నుంచి గంట వరకు ఆగండి. కాల్షియం, ఐరన్‌లకు కనీసం 4 గంటల ఎడం ఇవ్వండి. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డే కాబట్టి, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం కార్బొనేట్ అయితే రాత్రి భోజనంతో వేసుకోవడం మేలని నా అభిప్రాయం. మల్టీవిటమిన్ వాడుతుంటే సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవండి, చాలావాటిలో ఇవే ఖనిజాలు ఉంటాయి. అందులో బయోటిన్ అనే బి విటమిన్ ఉంటే థైరాయిడ్ రక్తపరీక్ష ఫలితమే తప్పుగా రావచ్చు కనుక, పరీక్షకు కనీసం 2 రోజుల ముందు దాన్ని ఆపాలి.

అయోడిన్‌ను మాత్రం దయచేసి సొంతంగా మొదలుపెట్టకండి.

ఈ వేళల సంగతి ముందే డాక్టరుకు చెప్పండి. అది తెలియక మోతాదు పెంచితే, తర్వాత మీరు ఎడం పాటించినప్పుడు మందు ఎక్కువై గుండెదడ రావచ్చు. వేళలు మార్చిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చేయించుకోండి. గర్భవతులైతే అంతవరకు ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి.