ఏ పేజీ దగ్గర అని అడుగు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆదివారం బృందం ఈసారి ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తీసుకుందనీ, చర్చ నడిపే పని నీ మీద పడిందనీ రాశావు. సగంమంది ఇంతకు మించిన పుస్తకం లేదంటున్నారు, మిగతావాళ్లు వంద పేజీలు కూడా దాటలేక మూసేశామంటున్నారు, వీళ్లందర్నీ ఒక దారికి ఎలా తేవాలి అని అడిగావు. తేవద్దు. ఈ పుస్తకం మీద పాఠకులు ఒక్క మాట మీద ఉన్న రోజు ఏనాడూ లేదు. ఎవరు ఏమన్నా సరే, “ఏ పేజీ దగ్గర అలా అనిపించింది?” అని అడుగు. కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లోనూ, రిటైరయ్యాక ఇక్కడ చదువరులతో కూర్చున్నప్పుడూ నన్ను గట్టెక్కించింది ఈ ఒక్క ప్రశ్నే. ఉత్త ‘బోరు’ అంటే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ఎల్ఫుల నెలవు రివెండెల్‌లో వాళ్ల పెద్ద ఎల్రాండ్ పెట్టిన సభలో పేర్లన్నీ ఒక్కసారిగా మీద పడేసరికి విసుగొచ్చింది అన్నారనుకో, అప్పుడు అందరూ ఆ పేజీ తీస్తారు. అక్కడి నుంచి చర్చ దానంతట అదే నడుస్తుంది.

మొదట ఒక ఏర్పాటు గురించి చెబుతాను. మూడు పుస్తకాలు కాబట్టి మూడు ఆదివారాలు అనుకుంటున్నావు. ఆరు పెట్టు. టోల్కీన్ దీన్ని ఒకే నవలగా రాశాడు. యుద్ధం తర్వాత ఇంగ్లండులో కాగితం ధర మండిపోతున్న రోజులవి, అంత లావు పుస్తకం ఒకేసారి వేస్తే నష్టం వస్తుందని ప్రచురణకర్తలు మూడు సంపుటాలు చేశారు. మొదటి రెండూ 1954లో, మూడోది 1955లో వచ్చాయి. లోపల రచయిత చేసుకున్న విభజన మాత్రం ఆరు భాగాలు. “రెండో పుస్తకానికి మొదలూ లేదు, చివరా లేదు” అనే ఫిర్యాదు నీకు తప్పకుండా వస్తుంది. అది న్యాయమైన ఫిర్యాదే, కాకపోతే అది అట్టలు వేసినవాళ్ల మీద ఫిర్యాదు. ఉంగరాన్ని నిప్పుల్లో వేసి నాశనం చేయడానికి బయల్దేరిన ఫ్రోడోదే అసలు కథ, కానీ మూడో భాగమంతా అతను కనపడడు. నాలుగో భాగమంతా ఫ్రోడో, అతని తోటమాలి శామ్, ఒకప్పుడు ఆ ఉంగరం దగ్గర పెట్టుకున్న గొల్లమ్ తప్ప మన పాత మిత్రులెవరూ కనపడరు. ఒక్కో ఆదివారం ఒక్కో భాగం పెట్టుకుంటే ఈ తెగిపోవడం ఎందుకో కళ్లకు కడుతుంది. మాంత్రికుడు గాండాల్ఫ్ వాళ్లకు తెలిసిన సంగతి ఫ్రోడోకి తెలియదు, ఫ్రోడో బతికున్నాడో లేదో వాళ్లకు తెలియదు. ఆ తెలియకపోవడం పాఠకుడికి కూడా అంటుకోవాలనే అలా రాశాడని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

పెద్ద పేర్లు, బహుమతులు, సర్వేలు మొదటి రోజున ఎత్తకు. బీబీసీ 2003లో బ్రిటన్ పాఠకుల్ని ఓట్లడిగితే ఈ పుస్తకమే మొదటి స్థానంలో వచ్చిందన్నది నిజమే. అది చెప్పగానే నచ్చనివాళ్లు నోరు మూసుకుంటారు, తమకే తెలివి తక్కువేమో అనుకుంటారు. అందరూ మాట్లాడేశాక రెండో వారమో మూడో వారమో చెప్పు. చెప్పినప్పుడు రెండు వైపులా చెప్పు. పుస్తకం వచ్చిన కొత్తలో కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ న్యూయార్క్ టైమ్స్‌లో మెచ్చుకుంటూ రాశాడు. 1956లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ‘ది నేషన్’ పత్రికలో దీన్ని చీల్చి చెండాడాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ సాహిత్యమే ఊపిరిగా బతికినవాళ్లే. మీ గదిలో ఎటు కూర్చున్నవాళ్లకైనా తోడున్నారన్నమాట.

టోల్కీన్ రెండో ఎడిషన్‌కు రాసిన ముందుమాట మాత్రం మొదటి రోజే చదివించు. రెండు మూడు పేజీలే. ఈ కథను విసుగన్నవాళ్లు, అర్థంపర్థం లేనిదన్నవాళ్లు, తుచ్ఛమన్నవాళ్లు ఉన్నారని, వాళ్ల రచనల మీద తనకూ అలాంటి అభిప్రాయమే కాబట్టి తనకు ఫిర్యాదేమీ లేదని అందులో అంటాడు. తర్వాతి మాట నీకు ఇంకా పనికొస్తుంది. కొందరికి మచ్చగా కనిపించిన అధ్యాయాలనే మరికొందరు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. తనకు కనిపించిన లోపాల్లో ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాడు, పుస్తకం మరీ చిన్నదైపోయిందని! వెయ్యి పేజీలు మోసుకొచ్చిన మీ వాళ్లు ఆ వాక్యం దగ్గర ఒక్కసారి హాయిగా నవ్వుకుంటారు. చర్చ మొదలుపెట్టడానికి అంతకంటే మంచి క్షణం దొరకదు.

ఇక నెమ్మది సంగతి. ఫ్రోడోను చేరదీసిన బిల్బో నూట పదకొండో పుట్టినరోజుతో కథ మొదలవుతుంది. ఫ్రోడో ఉంగరం పట్టుకుని ఇల్లు వదిలేసరికి పదిహేడేళ్లు గడుస్తాయి. సినిమా చూసి వచ్చిన కుర్రాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. వాళ్లను తక్కువ చేసి మాట్లాడనివ్వకు. 2001 నుంచి 2003 దాకా వచ్చిన ఆ మూడు సినిమాలే వాళ్లను ఈ పుస్తకం దాకా నడిపించాయి. వాళ్లతో మూడో అధ్యాయంలో ఒక పేజీ పైకి చదివించు. రోడ్డు మీద వెనక నుంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. గాండాల్ఫ్ వస్తున్నాడేమో అనుకుంటూనే, ఎందుకో దాక్కోవాలనిపించి ఫ్రోడో చెట్టు పక్కన నక్కుతాడు. నల్లటి ముసుగు మనిషి గుర్రం ఆపుతాడు. ముఖం కనపడదు. ఏదో వాసన పడుతున్నట్టు ముక్కుతో గాలి పీల్చే చప్పుడు, తల అటూ ఇటూ తిరగడం, అంతే. ఫ్రోడో చెయ్యి ఉంగరమున్న జేబు వైపు దానంతట అదే పోతుంది. కత్తి లేదు, కేక లేదు. ఆ పేజీ నిదానంగా చదివితే గది నిశ్శబ్దమైపోతుంది. దానికి ముందున్న విందులూ, నడకలూ, తిండి కబుర్లూ లేకపోతే ఈ భయం పుట్టదని ఎవరో ఒకరు అంటారు. నువ్వు అనకు, వాళ్లనే అననీ.

అదే అధ్యాయంలో ఒక నక్క వస్తుంది. అడవిలో తన పని మీద పోతూ, ఆరుబయట నిద్రపోతున్న ఫ్రోడో వాళ్లను, అంటే హాబిట్లనే పొట్టి మనుషులను, చూసి ఆగి, దీని వెనకాల ఏదో వింత ఉందనుకుని వెళ్లిపోతుంది. మళ్లీ కథలో ఎక్కడా కనపడదు. ఈ నక్క మీద ఓటు పెట్టు. ఇంత గంభీరమైన కథలో మనసులో మాట్లాడుకునే నక్కేమిటని కొందరికి చిరాకు, ఆ నక్క కోసమే ఆ అధ్యాయం మళ్లీ చదివేవాళ్లు కొందరు. నేను నక్క పక్షమే. పిల్లల కథలా మొదలై క్రమంగా పెద్దల కథగా మారే పుస్తకం ఇది, ఆ మారడంలో ఒక మెట్టు ఆ నక్క.

పాటల గురించి ఎక్కువ సమయం పెట్టకు. మొదటిసారి చదివేటప్పుడు దాటేసినవాళ్లు దాటేశామని ధైర్యంగా చెప్పుకోనీ. గద్యం మధ్యలో పద్యం రావడం నన్నయ నాటి నుంచీ మనకు అలవాటైన సంగతే కాబట్టి మన పాఠకులకు అదేమీ వింత కాదని మాత్రం గుర్తు చెయ్యి. అడవి పక్కన పాటలు పాడుకుంటూ ఉండే టామ్ బాంబడిల్ దగ్గర కూడా ఇదే గొడవ వస్తుంది. సినిమా వాళ్లు అతన్ని పూర్తిగా తీసేశారు. తీసేస్తే ఏం పోయింది అని అడిగి ఊరుకో.

ముగింపు ముందే చెప్పేస్తే తంటా వస్తుందేమోనని టెన్షన్ పడుతున్నావు. దసరాకి హరికథకు వెళ్లేవాళ్లకు రావణుడు చస్తాడని తెలియకనా? చదవనివాళ్లుంటే ఒక్క మాట అడిగి ముందుకు వెళ్లు. ఈ కథలో ముగింపు గురించి దాపరికం పెట్టుకుంటే అసలు మాట్లాడుకోవాల్సింది పోతుంది.

ఎందుకంటే ఆరో భాగంలో నీకు అసలు పరీక్ష ఉంది. అంత దూరం నడిచి, వేలు వదిలేస్తే ఉంగరం నిప్పుల్లో పడే చోట నిలబడి, ఫ్రోడో ఆ పని చేయనంటాడు. ఉంగరం నాదే అని తొడుక్కుంటాడు. గొల్లమ్ మీదపడి వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆ ఆనందంలో గెంతుతూ తనే అగ్నిలో పడతాడు. “ఇదేం హీరో, ఇదంతా ఎందుకు చదివాం” అని కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. ఆ కోపాన్ని ఆపకు, అది శ్రద్ధగా చదివినవాళ్లకే వచ్చే కోపం. వాళ్లు చెప్పడం అయ్యాక అందర్నీ మొదటి భాగం రెండో అధ్యాయానికి వెనక్కి తీసుకెళ్లు. ఫ్రోడో ఇంట్లో కూర్చుని, గొల్లమ్‌ను బిల్బో అవకాశం దొరికినప్పుడే చంపేసి ఉంటే బాగుండేదంటాడు. గాండాల్ఫ్ జాలి గురించి చెప్పి, మంచికో చెడుకో గొల్లమ్‌కు ఇంకా ఏదో పాత్ర మిగిలే ఉందని తన మనసు చెబుతోందంటాడు. సినిమాలో ఈ మాటల్ని మోరియా గుహల్లోకి మార్చారు కాబట్టి సినిమా చూసినవాళ్లు పుస్తకంలో చోటు వెతుక్కుంటారు, పేజీ నువ్వు ముందే గుర్తుపెట్టుకో. ఆ సంభాషణ, అగ్నిపర్వతం దగ్గర జరిగింది, రెండూ ఒకదాని వెంట ఒకటి చదివించు. బిల్బో, ఫ్రోడో, చివరికి శామ్ కూడా, ఎవరో ఒకరు గొల్లమ్‌ను చంపే అవకాశం ఉండి కూడా వదిలేశారు కాబట్టే పని పూర్తయింది. టోల్కీన్ 1963లో ఒక పాఠకురాలి ప్రశ్నకు జవాబుగా రాసుకున్న చిత్తుప్రతిలో, ఆఖరి క్షణంలో ఉంగరం ఒత్తిడిని ఎవరూ తట్టుకోలేరని, దాన్ని ఫ్రోడో నైతిక ఓటమిగా తాను చూడనని రాశాడు. రచయిత మాట ఆఖర్న చెప్పు. ముందే చెబితే తీర్పు వచ్చేసినట్టు అందరూ సర్దుకుంటారు.

“ఉంగరం పోయాక కూడా ఇంత కథా?” అనే మాట కూడా వస్తుంది. నిజమే, ఆ తర్వాత ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. వాటిలో ఎనిమిదో అధ్యాయం మీద మాత్రం పట్టుబట్టు. గెలిచి ఇంటికొచ్చిన హాబిట్లకు తమ సీమ షైర్ పాడైపోయి కనపడుతుంది. చెట్లు కొట్టేశారు. బిల్బో పుట్టినరోజు విందు జరిగిన చెట్టు కూలిపోయి ఉండటం చూసి, శత్రువు రాజ్యం మోర్డోర్ దాకా వెళ్లొచ్చిన శామ్ ఏడ్చేస్తాడు. ఇదీ సినిమాలో లేదు. రోడ్డు వెడల్పు చేస్తామని తాము ఆడుకున్న చెట్లు కొట్టేస్తుంటే చూసినవాళ్లు మీలో ఉంటారు. వాళ్లను మాట్లాడించు.

ఇప్పుడు కాస్త కష్టమైన అభిప్రాయాల గురించి. ఈ కథలో ఆడవాళ్లు ఎంతమంది అని అడుగుతారు, అడగాలి కూడా. రోహన్ రాజు మేనకోడలు ఎయోవిన్ గురించి ఆడవాళ్లనే మొదట మాట్లాడనీ. నీకు దేనికి భయం అని కాబోయే రాజు ఆరగార్న్ అడిగితే, పంజరానికి, అంటుందామె. యుద్ధంలోకి మారువేషంలో వెళ్లి, ఏ మగవాడి చేతా కానిది చేస్తుంది. చివరికి కత్తి పక్కన పెట్టి, గాయాలు మాన్పే పని ఎంచుకుని ఫరామిర్‌ను పెళ్లాడుతుంది. అది ఆమె గెలుపా, రచయిత ఆమెను మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టడమా? నేను గెలుపే అంటాను. నా దగ్గర చదువుకున్న అమ్మాయిలు చాలామంది కాదన్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది.

మంచివాళ్లంతా ఒక వైపు, దక్షిణాది, తూర్పు జాతులన్నీ చెడ్డవైపు ఉన్నాయేమిటి అని కూడా ఎవరో అడుగుతారు. పుస్తకం మీద ప్రేమతో ఆ ప్రశ్నను కొట్టిపారేయకు. నాలుగో భాగంలో తన కళ్లముందు చచ్చిపడిన దక్షిణాది సైనికుణ్ణి చూసి శామ్ అనుకునే మాటలు చదివించు. వాడి పేరేమిటో, నిజంగా మనసులో చెడ్డవాడేనా, ఏ అబద్ధాలు, ఏ బెదిరింపులు ఇంటి నుంచి ఇంత దూరం లాక్కొచ్చాయో, ఇంట్లోనే హాయిగా ఉండిపోవాలని ఉండేదేమో అనుకుంటాడు. ఈ పేరా ఆ ప్రశ్నకు పూర్తి జవాబు అని నేననను. ఆ ప్రశ్న పుస్తకం లోపల కూడా ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఉంగరం అంటే అణుబాంబు అని వాదించేవాళ్లుంటే వాళ్లను ముందుమాటకే పంపు. అలాంటి అన్యోక్తి తనకు గిట్టదని, పాఠకుడు తన అనుభవానికి అన్వయించుకోవడం వేరని, ఆ స్వేచ్ఛ పాఠకుడిదేనని టోల్కీన్ అక్కడే తేల్చాడు.

చిన్న పనులు కొన్ని. మాట్లాడేది తెలుగులోనే సాగనీ, ఇంగ్లీషు గడగడా చదవలేనివాళ్ల అభిప్రాయాలు చాలాసార్లు అందరికంటే సూటిగా ఉంటాయి. పుస్తకంలోని పటం పెద్దగా జిరాక్స్ తీయించి గోడకు అంటించు. ఉంగరం చేసిన సౌరాన్, దారి తప్పిన మాంత్రికుడు సారుమాన్ పేర్లు కలగాపులగం అవుతాయి, ఒక్క మనిషికే మూడు నాలుగు పేర్లుంటాయి, ఒక చార్టు మీద రాసి పెట్టు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవాళ్లుంటే మూడో సంపుటం వెనక అనుబంధాలు ఉన్నాయో లేవో చూసి తీసుకోమను. ప్రతి వారం ఎవరేం అన్నారో పేరుతో సహా ఒక నోటుబుక్కులో రాయించు. ఆరో వారం మొదట్లో మొదటి వారం మాటలు ఎవరివి వాళ్లకు చదివి వినిపించి, ఇప్పుడేమంటారు అని అడుగు. మార్చుకోకపోయినా ఫరవాలేదు, ఎందుకు మార్చుకోలేదో చెప్పమను.

ఆరగార్న్, ఆర్వెన్‌ల ప్రేమకథ అసలు కథలో లేకుండా అనుబంధంలో ఉండిపోవడం నాకు ఇప్పటికీ నచ్చదు. చివరి ఆదివారం అరగంట మిగిలితే అది పైకి చదవండి, కథలోనే ఉండాల్సిందా, అక్కడే బాగుందా అన్నది మీ వాళ్లు తేల్చనీ. వాళ్లేమన్నారో నాకు రాయి. నోటుబుక్కు కూడా ఒకసారి పంపితే చదువుకుని తిరిగి ఇస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ