చలికాలం గడపడానికి కర్నూలా, అనంతపురమా, కడపా?

ఢిల్లీ చలికి తట్టుకోలేని అమ్మానాన్నలను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా సీమలో ఉంచాలంటే ఏ ఊరు మేలని అడిగారు. నేనైతే అనంతపురమే అంటాను. సముద్రమట్టానికి 300 మీటర్ల పైనే ఎత్తు, పైగా వర్షచ్ఛాయ ప్రాంతం, అంటే కొండల అడ్డు వల్ల వానలు తక్కువగా పడే చోటు. గాలి పొడిగా ఉంటుంది, పగలు 30 డిగ్రీలకు అటూఇటూ, రాత్రికి దుప్పటి చాలు.

కడప ఇంకా పల్లంలో ఉంది, రాత్రులు వెచ్చన. కానీ ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతం వాయుగుండాలు ఈ మూడింటిలో ఎక్కువగా తాకేది అటే. 2021 నవంబరులో అప్పటి కడప జిల్లాలోని చెయ్యేరు నది పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పాపం ఎన్నో కుటుంబాలు సర్వం పోగొట్టుకున్నాయి. అందుకే కడపకైతే డిసెంబరు చివర్లో రమ్మనండి.

తరచూ వైద్యం అవసరమైతే మాత్రం కర్నూలు చూడండి, పెద్దాసుపత్రి ఉంది. ఎక్కడైనా శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది, ఆలోపే తిరుగు టికెట్ తీయండి.