ఒట్టు నిలవడం లేదు, పార్సిళ్లు ఆగడం లేదు

ప్రశ్న: నా వయసు 43. శ్రావణమాసంలో అమ్మవారికని పట్టుచీర, వెండి కుందులతో మొదలై ఏడాదంతా కొంటూనే ఉన్నాను. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో చీరల లైవ్‌లు చూస్తాను. అటక మీద విప్పని పార్సిళ్లున్నాయి. కార్డు బాకీ 1,80,000కు చేరాక మావారికి తెలిసింది. ఇక కొననని వెంకన్న పటం ముందు ఒట్టేసి, నెల తిరగకుండానే తప్పాను. కార్తీకమాసంలో మాత్రం ఒక్కటీ కొనలేదు. ఒట్టు తప్పినందుకు పరిహారం ఏమిటి? - ఒక సోదరి, కరీంనగర్

సమాధానం: పరిహారం కోసం వెతకడం ముందు ఆపండి. ఎక్కడికి వెళ్లినా ఉంగరమో, రుద్రాక్షమాలో, హోమం సామగ్రో మళ్లీ కొనమనే చెబుతారు.

మీ విషయంలో భక్తి రెండుచోట్ల చిక్కుకుంది. కొనేముందు 'దేవుడికే కదా' అన్న అనుమతిగా, కొన్నాక భయంగా. ఆ భయం మనసును కుదురుగా ఉండనివ్వదు, ఆ కలతే రాత్రి మళ్లీ ఫోన్ పట్టిస్తుంది. జీవితాంతం కొననన్న ఒట్టుకు ఇంకో చిక్కుంది. ఒక్క చీర కొంటే చాలు, 'ఎలాగూ తప్పాను' అనిపించి ఇంకో మూడు కొనేస్తారు. అందుకే కొత్త ఒట్లు వద్దు.

మరి కార్తీకంలో ఎలా ఆగారు? తెల్లవారుజామున స్నానం, సాయంత్రం గుడిలో దీపాలు, పక్కన నలుగురు, పెందలాడే నిద్ర. లైవ్ మొదలయ్యే వేళకు మీరు మేలుకొని లేరు. మిమ్మల్ని ఆపింది ఆ దినచర్య. వారానికి నాలుగు సాయంత్రాలైనా దాన్ని ఏడాదంతా కొనసాగించండి. మాసం ముగిసిన మర్నాడే జాగ్రత్త అవసరం. 'ఇన్నాళ్లు నిష్ఠగా ఉన్నాను, ఒక్కటి కొంటే ఏం' అనిపించేది అప్పుడే.

పూజకు నెలకు 500 రూపాయలు నగదుగా విడిగా పెట్టుకోండి. పూలు, పళ్లు, నూనె, వత్తులు అందులోనే. 'పత్రం పుష్పం ఫలం తోయం' అని గీత తొమ్మిదో అధ్యాయం చెప్పినవాటికి అంతకంటే ఎక్కువ కాదు. వరలక్ష్మీ వ్రతానికి చీర కావాలంటే ఒక్కటి, ధర నెల ముందే భార్యాభర్తలు కలిసి అనుకుని, కొట్టుకు వెళ్లి కొనండి.

ఈ రాత్రే బ్యాంకు యాప్‌లో కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేయండి. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి, చీరల వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి రండి. ఫోన్ రాత్రి హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి. చాలా ఇళ్లలో కార్డు భర్త చేతికిచ్చి ఊరుకుంటారు. అప్పుడు సరుకు ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతిలో, అక్కచెల్లెళ్ల దగ్గర చేబదులుతో, గుట్టుగా కొనడం మొదలవుతుంది. కాబట్టి వచ్చిన ప్రతి పార్సిల్ ఇద్దరూ కలిసే విప్పండి. అటక మీదివి కూడా దించి, గడువున్నవి తిప్పి పంపండి. మీవారు దెప్పకుండా ఉంటేనే ఇది నడుస్తుంది, ఈ మాట ఆయనకూ చదివి వినిపించండి.

కొనాలనిపించినప్పుడు నోటుపుస్తకంలో టైము, వస్తువు, ధర, అంతకుముందు ఇంట్లో ఏం జరిగిందో రాసి, మూడు రోజులు ఆగండి. ఆ ఊపు చాలాసార్లు అరగంటలోనే తగ్గుతుంది. రెండు వారాల రాతలు చూస్తే, మీరు చీర కోసం కొంటున్నారో, ఎవరో అన్న మాట మరిచిపోవడానికి కొంటున్నారో తెలిసిపోతుంది.

బాకీ సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,80,000 మీద 6,300, దానిపై 18 శాతం జీఎస్టీ 1,134. కనీస మొత్తమే కడుతూ పోతే అసలు తరిగేది అంతంతమాత్రం. ఇంకా తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడగండి. అది తీరేదాకా ఆ కార్డు వాడొద్దు.

ఇది సోమరితనమో, పాపమో కాదు. అదుపు తప్పిన కొనుగోలును ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల వర్గీకరణ ఐసీడీ-11లో, కోరికను ఆపుకోలేని రుగ్మతలకు ఉదాహరణగా పేర్కొంది. మానసిక వైద్యుల దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే చికిత్స) చాలామందికి పనిచేస్తుంది. నిద్ర బాగా తగ్గినా హుషారుగా ఉంటూ, మాటలు పెరిగి, ఆ రోజుల్లోనే కొనుగోళ్లు ఎక్కువవుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, అది అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు, చికిత్స వేరు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కు ఇచ్చే ప్రమిపెక్సోల్ లాంటి మందులు వాడుతుంటే అదీ చెప్పండి, కొందరిలో అవే ఈ కొనే తపనను పెంచుతాయి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు చేయండి. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.