హెచ్-ఇండెక్స్ 58 ఉందని చేరిపోవచ్చా?

"మా తమ్ముడికి ఒక న్యూరాలజీ ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ అవకాశం వచ్చింది, గూగుల్ స్కాలర్‌లో ఆయన హెచ్-ఇండెక్స్ 58 చూపిస్తోంది, కళ్ళు మూసుకుని చేరిపోవచ్చా" అని కదా అడిగారు. కళ్ళు మూసుకుని మాత్రం వద్దండీ. నేను ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. డాక్టర్ల ప్రమోషన్ ఫైళ్ళకు పబ్లికేషన్ల లిస్టు తయారుచేసి, సైటేషన్లు (అంటే ఆ పేపర్లను మిగతావాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో) సరిచూడటం నా డ్యూటీలో భాగం, కాబట్టి ఇలాంటి ప్రొఫైళ్ళు రోజూ చూస్తూనే ఉంటాను.

ముందు ఆ పేపర్లన్నీ ఆయనవేనా చూడండి. నవ్వకండి, మన పేర్లతో ఇది పెద్ద తంటా. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, జర్నల్ వాళ్ళు దేన్ని ఎటు తిప్పుతారో తెలీదు, చివరికి "రావు ఎస్" అనో "రెడ్డి కె" అనో మిగులుతుంది. అలాంటివాళ్ళు దేశంలో ఎంతమంది! ఒకసారి నా దగ్గరికొచ్చిన న్యూరాలజిస్టు ప్రొఫైల్లో మూర్ఛ, పక్షవాతం పేపర్ల మధ్య మిరప తెగులు మీద ఒక పేపరు దర్జాగా కూర్చుని ఉంది, పైగా ఆయన సొంత పేపర్లు చాలావాటికంటే దానికే సైటేషన్లు ఎక్కువ. పాపం ఆయన పెట్టుకున్నది కాదు, గూగులే తగిలించింది. ఆయనకు ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు ఉంటే అందులోని లిస్టుతో పోల్చండి, చాలావరకు తేలిపోతుంది.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. 58 అంటే ఒక్కోదానికి కనీసం 58 సైటేషన్లు వచ్చిన పేపర్లు 58 ఉన్నాయని. పేపర్లో ఆయన పేరు ఎన్నోదో ఆ లెక్కకు పట్టదు. ప్రపంచమంతా ఏ జబ్బు భారం ఎంతో లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లు చూడండి, వందల మంది రచయితలు, లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో వస్తాయి, వేలల్లో సైటేషన్లు. అందులో పేరుండటం తప్పేం కాదు, కానీ మీ తమ్ముడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మెడికల్ పేపర్లలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్ళది, చివరి పేరు ఆ పని నడిపించిన పెద్దవాళ్ళది, మధ్యలో ఉన్నవాళ్ళు ఎంత చేశారో వాళ్ళకే తెలియాలి. లిస్టును సైటేషన్ల వరసలో పెట్టి, పైనున్న ఇరవైలో ఆయన పేరు మొదటగానో చివరగానో ఎన్నిట్లో ఉందో చూడండి.

సైటేషన్లు ఎక్కువైతే పని గట్టిదని కూడా అనుకోవద్దు. అల్జీమర్స్ మీద 2006లో నేచర్ జర్నల్‌లో వచ్చిన ఒక పేపరు, జ్ఞాపకశక్తి పోవడానికి అమిలాయిడ్ అనే ప్రోటీన్‌లో ఫలానా రూపమే కారణమని ఎలుకల్లో చూపించింది, 2 వేలకు పైగా సైటేషన్లు తెచ్చుకుంది. అందులో బొమ్మలు మార్చారని 2022లో గొడవైంది, 2024లో పేపరే వెనక్కి తీసుకున్నారు.

మన నల్గొండ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, పని గట్టిదే, సైటేషన్లే రావు. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద 1937లోనే పేపరు వచ్చింది, నల్గొండ మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వెన్నెముక గట్టిపడి, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేస్తే కాళ్ళు పడిపోతాయి. అమెరికా, యూరప్ న్యూరాలజిస్టుకు ఇలాంటి పేషెంటు కనపడటమే అరుదు, ఇక ఆ పేపర్లను తన పేపర్లో ఎందుకు ప్రస్తావిస్తాడు? అయినా పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. అది ఏ ఇండెక్స్‌లో కనపడుతుంది చెప్పండి?

నాకు బాగా నచ్చేది మాత్రం బొంబాయి న్యూరాలజిస్టు నోషిర్ వాడియా 1971లో బ్రెయిన్ జర్నల్‌లో రాసిన పేపరు. నడక తూలే జబ్బున్న తొమ్మిది కుటుంబాల్లో కళ్ళు కూడా నెమ్మదిగా కదులుతున్నాయని పేషెంట్లను చూసి పట్టుకున్నారు. ఆ రకం జబ్బుకు కారణమైన జీన్ 1996లో గానీ దొరకలేదు. మీ ప్రొఫెసర్ లిస్టులో ఇలా సొంతంగా గమనించి రాసిన పేపరు ఒక్కటున్నా నేను మార్కులు వేస్తాను.

అన్నిటికంటే ముఖ్యం, గత ఐదేళ్ళలో ఆయన స్టూడెంట్ల పేరు మొదట ఉన్న పేపర్లు వెతకండి. అలాంటివి లేకపోతే 58 ఉన్నా 85 ఉన్నా ఆలోచించాల్సిందే. ఉంటే వాళ్ళలో పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్ళిపోయినవాళ్ళకి ఒక మెయిల్ పెట్టి, మొదటి పేపరు రావడానికి ఎంతకాలం పట్టిందో, డ్రాఫ్టు సార్ టేబుల్ మీద ఎన్ని నెలలు ఉందో అడగమనండి. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నవాళ్ళని అడిగి లాభం లేదు, సార్ పక్క గదిలోనే ఉంటారు.