సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి విమానంలో ఎంత దూరం?

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి విమాన దూరం ఎంత, వెతికితే ఒక్కోచోట ఒక్కో అంకె ఎందుకు కనిపిస్తోంది అని అడిగారు. అమ్మగారిని ఒంటరిగా పంపాలని కూడా రాశారు. నేను మధ్యలో ఎక్కడా ఆగని నాన్‌స్టాప్ విమానంలో అక్కడికి వెళ్లి వచ్చాను కాబట్టి తెలిసింది చెప్తాను.

అతి దగ్గరి దారిలో సుమారు 15,300 కిలోమీటర్లు. మైళ్లలో అయితే 9,500, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో 8,300. అంకెల్లో తేడా కొంత ఈ కొలతల వల్లే.

ఈ లెక్క కాగితం మీద మీరే వేసుకోవచ్చు. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, న్యూయార్క్ 74 డిగ్రీల పడమటి రేఖాంశం దగ్గర ఉన్నాయి. కలిపితే 178, సగం చుట్టు 180కి దగ్గర, అంటే ఉత్తర ధ్రువానికి దాదాపు అటొకటి, ఇటొకటి. సింగపూర్ నుంచి ధ్రువానికి 89 డిగ్రీలు, అక్కణ్నుంచి న్యూయార్క్‌కి 49. మొత్తం 138. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 15,318 వస్తుంది. ధ్రువం పక్కగా పోయేదే అతి దగ్గరి దారంటే, గోడ మ్యాపు చూస్తే నమ్మబుద్ధి కాదు. గ్లోబు మీద దారం బిగించి చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

అయితే నేనెక్కిన విమానం ధ్రువం వైపు పోనే లేదు. వెళ్లేటప్పుడు పసిఫిక్ మీదుగా వెళ్లింది. తిరుగు ప్రయాణంలో స్క్రీన్ మీద చూస్తే కింద అట్లాంటిక్, ఆ తర్వాత యూరప్! వచ్చిన దారినే వెనక్కి వెళ్తామనుకున్న నాకు కాసేపు టెన్షన్ పట్టుకుంది. అడిగితే సిబ్బందిలో ఒకామె గాలి సంగతి చెప్పారు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. దానికి ఎదురెళ్లేకంటే, కాస్త చుట్టు తిరిగైనా దాని వాలున పోతే ఇంధనమూ సమయమూ కలిసొస్తాయి. అందుకే వెళ్లేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే. అంటే తిరిగి సింగపూర్‌లో దిగేసరికి నేను భూమిని ఒక చుట్టు చుట్టేశాను! అది తట్టినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఏ రోజు దారి ఆ రోజు గాలిని బట్టి మారుతుంది కనుక అమ్మగారి కోసమైతే కిలోమీటర్లు వదిలేసి గంటలు చూడండి. నాన్‌స్టాప్ అంటే దాదాపు 18 గంటలు. న్యూయార్క్ టైము వేసవిలో 12 గంటలు, చలికాలంలో 13 గంటలు వెనక ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం బయల్దేరితే అదే తేదీన సాయంత్రం దిగుతారు. మందులు వేళకి వేసుకునేవారైతే ఈ లెక్క ముందే రాసివ్వండి. చివరి నాలుగైదు గంటల్లో నా కాళ్లు బాగా వాచాయి. నడవ పక్క సీటు తీసుకుని, రెండు గంటలకోసారి లేచి నడవమనండి. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం, దూరం పెరిగినా సరే, మధ్యలో ఒకచోట ఆగే టికెట్టే మేలని నా అభిప్రాయం.