కర్నూలు తిండికి రోజులు కాదు, పొద్దుటి పూటలు లెక్కేసుకోండి

శనివారం పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి, ఒక్కరే కర్నూలు వెళ్లి, బండ్ల దగ్గరా చిన్న హోటళ్లలోనూ తినేసి రాత్రికి తిరిగొచ్చేయొచ్చా అని అడిగారు. రావచ్చు. కాకపోతే ఉగ్గాని, అంటే బొరుగులు (మరమరాలు) తడిపి చేసే అక్కడి టిఫిన్, తినకుండా వస్తారు. లేదంటే ఆరిపోయిన ఉగ్గాని తిని "దీనికేనా ఇంత పేరు" అనుకుంటూ వస్తారు. ఆ రెండోది మరీ అన్యాయం.

దూరం సుమారు 215 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి బస్సుకు నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది. ఆరింటికి ఎక్కితే దిగేసరికి పదిన్నర. టిఫిన్ బండ్ల వాళ్లు అప్పటికి గిన్నెలు సర్దుకుంటూ ఉంటారు. అందుకే శుక్రవారం సాయంత్రమే బస్సెక్కండి, లేదా కాచిగూడలో కర్నూలు సిటీ వెళ్లే రైలు ఎక్కండి. కొండారెడ్డి బురుజుకు నడిచిపోగలిగే దూరంలో రూము తీసుకోండి. హైవే పక్కన మంచి లాడ్జి చౌకగా వచ్చిందని అక్కడ దిగితే ప్రతి పూటా ఆటోతో బేరం తప్పదు, పైగా పొద్దున్నే లేచి నడవాలన్న బుద్ధి కూడా పుట్టదు. రెండు పొద్దుటి పూటలు, ఒక సాయంత్రం, ఒక మధ్యాహ్నం. కర్నూలుకు ఇదే కొలత.

మొదటి పొద్దున ఉగ్గానికే. ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు వెళ్లాలి. బండిని ఎంచుకునేటప్పుడు జనాన్ని కాదు, బొరుగుల్ని చూడండి. తడిపిన బొరుగులు పెద్ద బేసినులో కుప్పగా పోసి పెట్టుకున్నారంటే ముందుకు నడవండి. అవి ముద్దైపోయి ఉంటాయి. పొడి బొరుగుల సంచి పక్కనే ఉండి, అడిగినప్పుడల్లా నాలుగు దోసిళ్లు నీళ్లలో ముంచి తీసేవాళ్లు సరైనవాళ్లు. ముంచడం క్షణాల పని. రెండు చేతులతో గట్టిగా పిండి మూకుట్లో వేయాలి. పిండడం సరిగా లేకపోతే నీళ్లు అడుగున చేరి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు అన్నీ ఉడికిన వాసన కొడతాయి. తిరగమాతలో ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రబడకూడదు. పప్పుల పొడి (పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి) పొయ్యి ఆపాకే చల్లాలి. మంట మీద చల్లితే తడి పీల్చుకుని ఉండలు కడుతుంది, ఒక ముద్దలో పొడి ఎక్కువై ఇంకో ముద్దలో అసలు ఉండదు. నిమ్మకాయ ఆఖర్న. ఇలా దిగిన ఉగ్గానికి ఆయుష్షు పావుగంట. ఆ తర్వాత పొడి తేమంతా లాగేసి గొంతులో అడ్డం పడుతుంది. పార్సిల్ కట్టించుకుని రూముకెళ్లి తింటానంటే మీ ఇష్టం.

పక్కన మిరపకాయ బజ్జి తప్పనిసరి. ఇక్కడ ఒక కిటుకుంది. చాలాచోట్ల బజ్జీల్ని ముందే సగం వేయించి తట్టలో పెట్టుకుంటారు, అడిగినప్పుడు మళ్లీ నూనెలో వేస్తారు. అది తప్పు కాదు, రెండోసారి వేగితేనే పైన కరకరలాడుతుంది. తట్టలోంచి నేరుగా ప్లేట్లోకి వస్తే మాత్రం "వేడి చేసి ఇవ్వండన్నా" అనండి, మొహమాటపడొద్దు. బజ్జీని విడిగా కొరుక్కోకుండా ఉగ్గానిలో తుంచి కలుపుకుంటే కారం సర్దుకుంటుంది. హైదరాబాద్‌లో "రాయలసీమ స్పెషల్" బోర్డు పెట్టి భేల్‌పూరీలోకి వాడే పల్చటి మరమరాలతో, పైన క్యారెట్ తురుము, సేవ్ చల్లి ఇస్తున్నారే, దాన్ని ఉగ్గాని అనడం ఎవరు మొదలుపెట్టారో గానీ వాళ్లకు ఒక నెల కర్నూలులో బొరుగులు పిండే పని అప్పగించాలి.

ఒంటరి ప్రయాణంలో అసలు చిక్కు తోడు లేకపోవడం కాదు, ఒక్క కడుపే ఉండటం. నలుగురైతే నాలుగు రకాలు చెప్పి పంచుకుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఫుల్ ప్లేట్ ఉగ్గాని, మూడు బజ్జీలు తిన్నారంటే సాయంత్రం దాకా ఇంకేదీ దిగదు. "హాఫ్ ప్లేట్, ఒకటే బజ్జి" అని ముందే చెప్పండి. ఇస్తారు. ఆ మిగిలిన చోటులో పక్క బండి మీద నాలుగు గుంత పొంగనాలు పడతాయి. చిత్రాన్నం ఘుమఘుమలాడుతున్నా ఆ పూటకు వదిలేయండి, అది కడుపు నింపేస్తుంది.

శనివారం మధ్యాహ్నం భోజనం మానేయమంటాను. ప్లేటు మీల్స్ ఏ ఊళ్లోనైనా ప్లేటు మీల్సే. నన్నారి (సుగంధి వేళ్ల) షర్బత్తులో నిమ్మకాయ పిండించుకుని, సోడా పోయించుకుని తాగి, బురుజు ఎక్కి చూసి, ఎండ తగ్గేదాకా పడుకోండి. షర్బత్తు "పాకం తక్కువ" అని చెప్పకపోతే సగం గ్లాసు పాకమే పోస్తారు.

సాయంత్రం జొన్నరొట్టె. ఏడు దాటాక రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీదో గ్యాసు మీదో ఆడవాళ్లు రొట్టెలు తడుతూ కనిపిస్తారు. చప్పుడు విని వెతుక్కోవచ్చు. జొన్నపిండిలో గోధుమకుండే జిగురు ఉండదు. అందుకే మరిగే నీళ్లతో కలుపుతారు, వేడివేడిగానే పిసుకుతారు. చల్లటి నీళ్లతో కలిపినా, పిండి పాతదైనా తట్టేటప్పుడే అంచులు బీటలిస్తాయి. మీరు చూడాల్సింది ఆ అంచులే. పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు, అది ఆరాక తిప్పి మంట మీద పొంగిస్తారు. పొంగిన రొట్టెను వెంటనే తినాలి, రెండోది ముందే చెప్పి పెట్టుకోవద్దు. నంజుకోవడానికి పప్పు, గుత్తొంకాయ, బుడ్డల (వేరుశనగ) చట్నీ ఏదున్నా సరే. పనీర్ అడగొద్దు దయచేసి. అక్కడే ఎండబెట్టినట్టు కరకరలాడే రొట్టెలు కూడా దొరికితే ఇంటికి అవి కట్టించుకోండి, మెత్తటివి మాత్రం కాదు. మెత్తటివి తెల్లారేసరికి అట్టముక్కలైపోతాయి.

ఆదివారం పొద్దున ఎర్ర కారం పూసిన దోశ, పైన పప్పుల పొడి. ఒకటి చాలు. ఎందుకంటే మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు ఉన్నాయి.

సంగటికి ఆదివారమే సరైన రోజు. శనివారం మాంసం ముట్టనివాళ్లు మన దగ్గర చాలామంది, ఆదివారం పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కుతుంది. పన్నెండున్నరకే వెళ్లి కూర్చోండి, రెండయ్యేసరికి నాటుకోడిలో ముక్కలు అయిపోయి మెడలు, పులుసు మిగులుతాయి. నాటుకోడి అవునో కాదో ఎముక చెబుతుంది. ముక్క నోట్లో పెట్టగానే ఎముక నుంచి జారిపోతే అది బ్రాయిలరే, మసాలా ఎంత నల్లగా ఉన్నా సరే. కాస్త లాగాలి, నమలాలి. పులుసు పల్చగా ఉండాలి, ఎందుకంటే సంగటి దాన్ని పీల్చుకుంటుంది. చిక్కటి గ్రేవీ వేస్తే ముద్ద గొంతు దిగదు. సంగటిని తుంచి మధ్యలో పొడి పిండి ఉండలు కనిపిస్తే, అన్నంలో రాగిపిండి పోసి మగ్గనివ్వకుండానే గెలికేశారన్నమాట. ఆ ముద్ద వెనక్కిచ్చి ఇంకోటి అడగండి. "చిన్న ముద్ద" అని చెప్పినా మీకు ఎక్కువే అవుతుంది. సంగటిని కొంచెం తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుని తినడమే విసుగొస్తుంది. ముద్ద వేడిగా ఉన్నప్పుడే గుంట చేసి నెయ్యి పోయించుకోండి.

కారం గురించి ఒక మాట. "కారం తక్కువ" అని బండి దగ్గర చెప్పి లాభం లేదు, కారం ముందే కలిపేసి ఉంటుంది. నీళ్లు తాగితే మంట తగ్గదు. మజ్జిగో పెరుగో దగ్గర పెట్టుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. ఏప్రిల్, మే నెలల ఎండలో సంగటి తిని బస్టాండుకు నడవడం మీ వల్ల కాదు. ఖర్చులో రూము, బస్సు టికెట్లదే పెద్ద వాటా, తిండిది కాదు. ఫోన్‌పే దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది గానీ పొద్దున్నే బండి దగ్గర సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి నిలబడితే మీ ఉగ్గాని ఆరిపోతుంది, పది ఇరవై నోట్లు జేబులో ఉంచుకోండి. తిరుగు బస్సు ఆదివారం మూడున్నర తర్వాత, కిటికీ సీటు ముందే బుక్ చేసుకోండి. ఆ సాయంత్రం హైదరాబాద్ వైపు రద్దీ ఎక్కువ, సంగటి తిన్నాక నిలబడి ప్రయాణం చేయలేరు.